ఆముదం పట్టించిన తుపాకి

నేను అమెరికాలో అయిదు నెలలున్నాను. అందులో నాలుగు రోజుల సంగతే ఇక్కడ రాస్తున్నాను. ఎత్తైన మేడలు, పెద్ద జలపాతం, ఊరంత దుకాణాలు, వీటి గురించి వెళ్ళొచ్చినవాళ్ళు మీకు చెప్పే ఉంటారు. గడ్డకట్టే చలిలో తుపాకి పక్కన కూర్చున్న సంగతి చెప్పినవాళ్ళు మాత్రం నాకు కనపడలేదు.

నాకు అక్షరాలు వచ్చింది నలభై ఏడో ఏట, మా ఊరి చర్చి వరండాలో, పాస్టరమ్మ గారి దగ్గర. అప్పటినుంచి ఎక్కడికి వెళ్ళినా ఒక నోటుపుస్తకం వెంట ఉంటుంది. అది చూసుకుంటూనే ఇది రాస్తున్నాను. సోమవారం నాటి పేజీలో వేళ్ళు కొంకర్లు పోయి గీసిన గీతలు ఇప్పుడు నాకే అంతుపట్టడం లేదు. ఆ రోజు సంగతి మాత్రం పుస్తకం చూడకుండానే రాయగలను.

మా చెల్లెలి కూతురు సునీత న్యూజెర్సీలో పార్సిప్పనీ అనే ఊళ్ళో ఫిజియోథెరపిస్టు. కాళ్ళు విరిగినవాళ్ళకి, కీళ్ళు పట్టేసినవాళ్ళకి మళ్ళీ నడక నేర్పే పని. ఆ క్లినిక్‌లోనే డోనా అని ఒకామె పనిచేస్తుంది. ఆమె నాన్న ఎర్ల్‌కి ఎనభై ఒక్క ఏళ్ళు. పెన్సిల్వేనియా ఉత్తరాన కొండల్లో ఒక్కడే ఉంటాడు. నవంబరు చివర్లో అక్కడ జింకల వేట మొదలవుతుంది. మా ఇంట్లో నాటు తుపాకి ఉండేదని నేను ఎప్పుడో మాటల్లో చెబితే డోనా గుర్తుపెట్టుకుంది.

"ఆంటీని తీసుకురా. మా నాన్నకి తుపాకి గురించి మాట్లాడే మనిషి దొరికితే చాలు. ఇదే ఆయన ఆఖరి వేట అవుతుందేమో" అని సునీతతో చెప్పి పంపింది. 2010 నవంబరులో ఒక శనివారం ఉదయం ఇద్దరం బయలుదేరాం.

కాషాయం కాదు, నారింజ

నాలుగు గంటల ప్రయాణం. మొదటి గంట కార్ల వరస, రెండో గంట లారీల వరస, ఆ తర్వాత చెట్లు. ఆకులన్నీ రాలిపోయి కొండలు గొరిగిన తలల్లా ఉన్నాయి. మా నల్లమల ఎండాకాలంలో ఇలాగే ఉంటుంది గానీ, ఇక్కడ ఎండకి బదులు సన్నటి వాన. వానలో మంచు కూడా కలిసి ఉందని అద్దం మీద పడినప్పుడు తెలుస్తోంది. నీటి చుక్క జారిపోతుంది, మంచు చుక్క కాసేపు అంటుకుంటుంది.

దారిలో టిఫిన్ హోటల్ దగ్గర ఆగాం. లోపల మగవాళ్ళందరూ మెరిసే నారింజ రంగు కోట్లు, టోపీలు వేసుకుని ఉన్నారు. ఏదో దీక్ష తీసుకున్నవాళ్ళలా ఉన్నారని సునీతతో అన్నాను.

"దీక్షే పెద్దమ్మా. రెండు వారాల దీక్ష. ఈ కలర్ వేసుకోకుండా అడవిలోకి వెళ్తే ఫైన్ వేస్తారు. మనకీ కొనాలి."

"జింకలు చూసి పారిపోవా?"

"వాటికి ఈ కలర్ తెలీదంట. మనుషులకి తెలియడానికే. లేకపోతే నిన్ను చూసి జింకనుకుంటారు."

"నన్ను చూసి ఏనుగనుకుంటారు గానీ జింకేమిటే" అన్నాను. కాఫీ పోస్తున్న ఆమె మేం ఎందుకు నవ్వుతున్నామని అడిగింది. సునీత చెబితే ఆమె ఇంకా గట్టిగా నవ్వి, 'ఆపిల్ పై' అనే తీపి రొట్టె ఇంకో ముక్క అడగకుండానే నా పళ్ళెంలో పెట్టింది. డబ్బులు తీసుకోలేదు. పక్క దుకాణంలో రెండు నారింజ కోట్లు కొన్నాం, ఒక్కొక్కటి ఎనిమిది డాలర్లు. మా ఆయన పంది కాపలాకి వెళ్ళేటప్పుడు నల్ల గొంగడి కప్పుకునేవాడు, ఎవరికీ కనపడకూడదని. ఇక్కడ అందరికీ కనపడాలని ఎనిమిది డాలర్లు పెట్టి కొంటున్నారు.

సోమవారం ఈ వైపు బళ్ళకి సెలవట. వేట మొదలయ్యే రోజు కాబట్టి. పిల్లలు ఎటూ రారు, టీచర్లూ రారు, సెలవిచ్చేస్తే గొడవ లేదు అంది కాఫీ పోసినామె.

చలిలో పడుకునే తుపాకి

ఎర్ల్ ఇల్లు చెక్క ఇల్లు. మెట్లెక్కి తలుపు తీస్తే ముందు చిన్న వసారా, దాని తర్వాత పొయ్యి ఉన్న గది. వసారాలో గోడకి రెండు తుపాకులు వేలాడుతున్నాయి. అక్కడ చలికి నా పళ్ళు కొట్టుకుంటున్నాయి. గదిలోకి అడుగుపెట్టగానే నా కళ్ళజోడు మొత్తం ఆవిరి పట్టి ఏమీ కనపడలేదు. అద్దాలు తుడుచుకుని చూస్తే ఎదురుగా పొడవాటి ముసలాయన నవ్వుతున్నాడు, పక్కన ముందురోజే వచ్చిన డోనా.

నాకు ముందుగా తోచిన మాటే అడిగాను. "ఇంత మంచి పొయ్యి పెట్టుకుని తుపాకుల్ని బయట చలిలో ఎందుకు పెట్టారు?"

సునీత ఇంగ్లీషులో చెప్పింది. ఎర్ల్ జవాబు చెప్పకుండా నా చేతిలోని కళ్ళజోడు చూపించాడు. అర్థమైంది. చలిలో ఉన్న ఇనుముని వెచ్చటి గదిలోకి తెస్తే అద్దాల్లాగే దానికీ చెమట పడుతుంది. మర్నాడు మళ్ళీ బయటికి తీసుకెళితే ఆ చెమటే లోపల మంచై కూర్చుంటుంది. అందుకని వేట రెండు వారాలూ తుపాకి చలిలోనే పడుకోవాలి.

నాకు ఆయన నచ్చాడు. మాటలతో కాకుండా వస్తువుతో చెప్పేవాళ్ళు తక్కువ.

ఆ సాయంత్రం పోయినేటి జింక మాంసం ఫ్రీజర్‌లోంచి తీసి నాకిచ్చారు. నేను తీసుకెళ్ళిన గసాలు, ధనియాలు, కారం వేసి కూర వండాను. ఎర్ల్ నుదుటి మీద చెమట తుడుచుకుంటూ మూడు సార్లు వేయించుకున్నాడు. తినేటప్పుడు ఆయన చెంచా కొంచెం వణకడం చూశాను. డోనా కూడా చూసి చూపు తిప్పుకుంది.

వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఆమె సునీతతో చెప్పింది. కార్ తాళాలు ఆయనే ఈ వేసవిలో ఆమె చేతికిచ్చేశాడట. తుపాకి కూడా అంతే, చెయ్యి మాట వినని రోజున ఎవరూ చెప్పకుండా తనే ఇచ్చేస్తానన్నాడట. "ఆ రోజు తర్వాత ఈ ఇంట్లో ఒంటరిగా ఉండడు. మాతో వచ్చేస్తాడు. కుర్చీలో కూర్చుంటాడు" అంది డోనా.

ఆదివారం

ఆదివారం ఇక్కడ వేటాడకూడదని చట్టమే ఉంది. నాకది భలే నచ్చింది. చిన్న చర్చి, నలభై మంది. అడవికి వెళ్ళేవాళ్ళందరూ క్షేమంగా తిరిగిరావాలని ప్రార్థన చేశారు. ఆ తర్వాత నల్లటి పిండితో అట్లు పోసి పెట్టారు. సజ్జ రొట్టె రంగు, పుల్లట్టు వాసన. మీద చెట్టు నుంచి తీసిన తియ్యటి పాకం పోసుకుంటారు. నేను నా సంచిలోంచి గోంగూర పచ్చడి తీసి పెట్టుకున్నాను. పక్కనున్న ముసలమ్మ రుచి చూసి కళ్ళు గట్టిగా మూసుకుంది, మళ్ళీ చెయ్యి చాపింది.

మధ్యాహ్నం బల్ల మీద పాత గుడ్డ పరిచి ఎర్ల్ తన తుపాకి బోల్టు ఒక్కటే లోపలికి తెచ్చాడు. బోల్టంటే తుపాకి వెనక భాగంలో ముందుకీ వెనక్కీ జరిగే ఇనుప కడ్డీ. దాని లోపల ఒక సూది, స్ప్రింగు ఉంటాయి. మీట నొక్కితే సూది వెళ్ళి తూటాని పొడుస్తుంది. ఎర్ల్ దాన్ని పెట్రోలు వాసనొచ్చే నీళ్ళలో కడిగి, పొయ్యికి దూరంగా ఆరబెట్టాడు.

అప్పుడు మా తుపాకి గురించి అడిగాడు. చెప్పాను. మాది నల్లమల అంచున ఊరు. జొన్న పాలు పోసుకునే వేళకి అడవి పందులు దిగుతాయి. గొట్టంలో మందు పోసి, కొబ్బరి పీచు కూరి, ఇనుప రవ్వలు పోసి, మళ్ళీ పీచు కూరి, కడ్డీతో దట్టించి మా ఆయన మంచె ఎక్కేవాడు. వానల్లో మందు తడవకుండా చూడటం నా పని. ఎద్దుకొమ్ములో మందు పోసి, మూతికి మైనం పెట్టి, ఆ కొమ్ముని జొన్నల కుండలో పూడ్చిపెట్టేదాన్ని. చెమ్మంతా జొన్నలు పీల్చుకుంటాయి. ఇనుముకి ఆముదం పట్టించడం కూడా నా పనే. వాన పడితే చుక్క నిలవకుండా జారిపోవాలి.

"మరి ఇప్పుడా తుపాకి ఏది?" అని అడిగాడు ఎర్ల్.

"ఒక వానాకాలం పంది మీదికొచ్చింది. తుపాకి తుస్సుమంది. మా ఆయన కాలి పిక్క చీల్చేసింది. పీచు సరిగ్గా కూరలేదు, తన చెయ్యి చెడింది అనుకుని ఆయన తుపాకి పోలీస్ స్టేషన్‌లో అప్పగించేశాడు. చేను కౌలుకిచ్చేశాం."

ఎర్ల్ తల ఆడించాడు. తర్వాత బోల్టు, ఒక పొడిగుడ్డ నా చేతికిచ్చి, తుడవమని సైగ చేసి, కునుకు తీయడానికి వెళ్ళాడు. అది ఆయన నాకు చేసిన మర్యాద. నాకు తెలుసు.

తుడిచాను. బోల్టు ఎండిపోయిన ఎముకలా ఉంది. ఒక్క చుక్క నూనె లేదు. బయట మంచు వాన పడుతోంది. రేపు ఈ వానలోనే కదా కూర్చునేది, ముసలాయన మరిచిపోయాడు పాపం అనుకున్నాను. నా సంచిలో మోకాళ్ళకి రాసుకునే ఆముదం సీసా ఉంది, మా ఇంట్లో కాచినది. బోల్టుకి ఉన్న రంధ్రాల్లో నాలుగు చుక్కలు పోసి, అటూ ఇటూ ఆడించి, లోపలంతా పట్టేలా చేసి, పైన శుభ్రంగా తుడిచేశాను. నల్లగా నిగనిగలాడింది. సాయంత్రం ఎర్ల్ దాన్ని తీసుకెళ్ళి తుపాకికి తగిలించాడు.

ఆ రాత్రి వాన ఆగి చలి ముదిరింది. సున్నాకి పది డిగ్రీలు కిందికి.

సోమవారం, మంచె

సునీత రగ్గులోంచి తల బయటపెట్టి, "నేను రాను బాబోయ్. నాకు మాస్టర్స్ డిగ్రీ ఉంది పెద్దమ్మా, నేను జింక కోసం చచ్చిపోను" అంది. డోనా ఇంకో కొండ వైపు వెళ్ళింది. ఎర్ల్‌తో నేను వెళ్ళాను. కదలకుండా కూర్చునే మనిషని ఆయనే నన్ను అడిగాడు.

వాళ్ళ మంచె మన మంచెలాంటిదే. నాలుగు కర్రలు, పైన చెక్క పెట్టె, ముందు చిన్న కిటికీ. తుపాకి గొట్టం మూతికి ఎర్ల్ ఒక ముక్క కరెంటు టేపు అంటించాడు, మంచు లోపలికి పోకుండా. పేల్చేటప్పుడు తియ్యక్కర్లేదట, గుండు దాన్ని చింపుకుని పోతుందట. కొమ్మల మీద నిన్నటి వాన గాజులా గడ్డకట్టి, గాలి వీస్తే గాజుల చప్పుడే వస్తోంది.

తూటా పెట్టి బోల్టు నెట్టబోతే అది సులువుగా కదల్లేదు. ఎర్ల్ ఆగాడు. తొడుగు తీసి వేళ్ళ మీద ఊదుకున్నాడు. రెండోసారి బలంగా నెడితే వెళ్ళింది. ఆయన తన చేతివంక చూసుకున్నాడు. తుపాకి వంక చూడలేదు.

రెండు గంటలు గడిచాయి. నాకు కాళ్ళున్నాయో లేవో తెలియలేదు. అప్పుడు చెట్ల మధ్య నుంచి కొమ్ముల జింక వచ్చింది. మా ఇంటి దూడంత ఉంది. ఆగి, తల పక్కకి తిప్పింది. ఎర్ల్ వణుకు ఎక్కడికి పోయిందో, తుపాకి భుజానికి ఆనించిన మనిషి రాయిలా ఉన్నాడు. నేను ఊపిరి బిగబట్టాను.

టిక్.

అంతే. ఎర్ల్ తుపాకి దించలేదు. ఆలస్యంగా పేలవచ్చని అలాగే గురిపెట్టి ఉంచాడు. జింక కూడా అలాగే ఉంది. తర్వాత బోల్టు లాగి, ఇంకో తూటా పెట్టాడు. మళ్ళీ టిక్. జింక తోక ఎత్తి, తీరిగ్గా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఎర్ల్ పేలని తూటా అరచేతిలో పెట్టి చూశాడు. వెనకవైపు సూది తగిలిన గుర్తు చాలా చిన్నగా ఉంది, గోరుతో నొక్కినట్టు. ఆయన నన్ను చూసి ఏదో అన్నాడు. "ఓల్డ్" అన్న మాట ఒక్కటి అర్థమైంది. తన గుండె మీద వేలు పెట్టుకుని అన్నాడు కాబట్టి ఎవరి గురించో కూడా అర్థమైంది.

ఇంటికి నడిచేదారిలో నాకు ఆ తుస్సు మళ్ళీ వినపడింది. ముప్ఫై ఏళ్ళ కిందటిది.

బల్ల దగ్గర

ఎర్ల్ తుపాకి వసారాలో తగిలించలేదు. డోనా ఎదురుగా బల్ల మీద పెట్టాడు. బోల్టు పూర్తిగా మూసే బలం చేతిలో లేదన్నాడు. మూశాననుకున్నాను, మూయలేదన్నాడు. "నువ్వు తీసుకెళ్ళు" అన్నాడు. డోనా పొయ్యిలో కర్ర వేసింది.

నేను సునీతని వంటింట్లోకి లాక్కెళ్ళి ఆముదం సంగతి చెప్పాను. కాస్త నూనెకే తుపాకి ఎందుకు మొరాయించిందో నాకు అప్పటికి తెలియదు. కానీ నేను చెయ్యి పెట్టిన తర్వాతే అది చెడిందని తెలుసు.

సునీత గుండెలు బాదుకుంది. "గన్‌కి ఆముదమా! పెద్దమ్మా, ప్లీజ్, ఇప్పుడు చెప్పకు. ఏజ్ వల్ల అనుకుంటున్నాడుగా. చెప్తే ఇంకా హర్ట్ అవుతాడు. రేపెలాగూ మనం వెళ్ళిపోతున్నాం."

"కోపమైతే నా మీద అవుతాడు. ఇప్పుడు తన చేతి మీద అవుతున్నాడు."

"అయినా నీకెందుకంత—"

"మీ పెదనాన్న తుపాకి పేలనిది పీచు వల్ల కాదే. ముందురోజు సాయంత్రం జొన్నలు తీస్తూ మందు కొమ్ము బయటపెట్టి మరిచిపోయాను. రాత్రంతా తడిగోడ పక్కన ఉంది. పొద్దున తుడిచి మళ్ళీ కుండలో పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. ఆయన తన చెయ్యి చెడిందనుకున్నాడు. ఇప్పటికీ అనుకుంటున్నాడు."

సునీత నా మొహం చూసింది. నా చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకొచ్చింది. సీసా ఎర్ల్ ముందు పెట్టాను. నేను తెలుగులో చెబుతుంటే అది ఇంగ్లీషులో చెప్పింది.

ఎర్ల్ బోల్టు ఊడదీశాడు. లోపలి నుంచి స్ప్రింగు, సూది లాగాడు. పసుపుపచ్చగా, తుమ్మజిగురులా సాగుతూ వచ్చింది. చలికి ఆముదం గడ్డకట్టినంత పనై, సూదిని పట్టుకుని వదల్లేదు. అందుకే అది మెల్లగా వెళ్ళి తూటాని తాకి ఊరుకుంది. మా ఊళ్ళో వానకి నూనె పట్టిస్తే చాలు, అక్కడి చలి ఆముదాన్నేమీ చెయ్యదు. ఇక్కడ చలికి నూనె తీసెయ్యాలి. ఆయన పెట్రోలు నీళ్ళతో కడిగింది అందుకేనట. నేను మరిచిపోయాడనుకున్నాను.

ఎర్ల్ వేలికంటిన జిగురు వాసన చూశాడు. మొహం వికారంగా పెట్టాడు. "క్యాస్టర్ ఆయిల్!" అన్నాడు. "శనివారం శనివారం మా అమ్మ ముక్కు మూసి ఒక చెంచా పోసేది. ఇన్నేళ్ళకి మళ్ళీ దొరికిపోయాను." నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. డోనా నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది.

నవ్వు ఆగాక ఆయన కుడిచెయ్యి దీపం కింద పెట్టుకుని, నాలుగైదు సార్లు మూసి తెరిచాడు. "అయితే ఇది కాదు" అన్నాడు. సునీత అనువదించబోతే వద్దన్నాను.

తర్వాత బోల్టు, కడిగే నీళ్ళు, గుడ్డ నా ముందుకు జరిపాడు. మళ్ళీ నాతోనే కడిగించాడు. రెండుసార్లు బాగాలేదని వెనక్కిచ్చాడు.

మంగళవారం

పొద్దున సన్నటి మంచు వాన. తుపాకి మూతికి కొత్త టేపు. బోల్టు వేలితో నెడితే జారిపోయింది. తొమ్మిది గంటలకి ఒక చిన్న కొమ్ముల జింక వచ్చింది. ఈసారి మోగిన మోతకి కొండంతా అదిరి, కొమ్మల మీది గాజుమంచు మా చుట్టూ రాలింది. జింక దూకి వెళ్ళిపోయింది. దాని వెనక చెట్టుకి తెల్లగా చెక్క లేచింది.

గురి తప్పింది. ఎర్ల్ ఆ చెట్టు దగ్గరికి నడిచి, దెబ్బ తగిలిన చోట వేలు పెట్టి, జానెడు ఎత్తుగా కొట్టానని కొలిచి చూపించాడు. ఆయన మొహం చూస్తే చెట్టునే వేటాడటానికి వచ్చినట్టుంది. ఇంటికొచ్చి తుపాకిని వసారాలో, దాని మేకుకే తగిలించాడు. మేం బయలుదేరేటప్పుడు సునీతతో, "మీ ఆంటీని వచ్చే ఏడు కూడా తీసుకురా. సీసా మాత్రం ఎయిర్‌పోర్టులో వదిలేసి రమ్మను" అన్నాడు.

ఇల్లు

ఫిబ్రవరిలో మా ఊరు వచ్చాను. తెచ్చిన సామాన్లు సర్దకముందే మా ఆయన్ని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ముందు ఎర్ల్ సంగతి, తర్వాత కొమ్ము సంగతి. ఆయన కాలి పిక్క మీది మచ్చ నిమురుకుంటూ విన్నాడు. లేచి బయటికి వెళ్ళిపోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పళ్ళెం పెడితే తిన్నాడు, అంతే.

మూడో రోజు పొద్దున నేను లోపల జొన్నలు చెరుగుతున్నాను. ఆయన అరుగు మీద పక్కింటి గురవయ్యతో మాట్లాడుతున్నాడు.

"ఆ రోజు తుపాకి పేలకపోవడం మందు చెమ్మరా. పీచు నేను బాగానే కూరాను. చేతి తప్పేం లేదు. నమ్మకపోతే లోపలున్న మా ఇంటిదాన్ని అడుగు."

చేట కింద పెట్టి, బయటికి వినపడేటట్టు అన్నాను, "అవును, నేనే మరిచిపోయాను."